రొట్టె పెట్టని రోజు

విందులో గొర్రె తోకముక్క తెచ్చి సబీరా ముందు పెట్టారు.

ఆడవాళ్ళలో వయసులో పెద్దామెకు దక్కే ముక్క అది. రెండేళ్ళు పెద్దదైన కెన్జెకాన్‌కి మాత్రం పక్కటెముక వచ్చింది.

"తినక్కా, చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది," అంది పక్కనున్నామె.

"నాకిప్పుడు పళ్ళెక్కడ ఏడ్చాయిలే," అంది కెన్జెకాన్.

ఇద్దరూ ఆ కొండ ఊరి బళ్ళోనే ముప్ఫయ్యారేళ్ళు పాఠాలు చెప్పారు. కెన్జెకాన్ చెప్పింది సాహిత్యం. ఎక్కడో కొండలవతలి నుంచి వచ్చిపడ్డ సబీరా చెప్పింది లెక్కలు.

తీరా పుస్తకం రాసింది లెక్కల మనిషి. గుర్రాల దొంగల మీద, జరిగింది జరిగినట్టు. నారిన్ పట్నం దాకా అందరి చేతుల్లోనూ అదే. కెన్జెకాన్ పద్యాలేమో నలభయ్యేళ్ళుగా పెట్టెలో దుప్పట్ల కింద మగ్గుతున్నాయి.

మరుసటి వారం సబీరా ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అక్కా, ఉన్ని బేరగాడి హత్య గురించి రాస్తున్నాను. మీ నాన్న గురించి రెండు మాటలు చెబుతావా?"

కెన్జెకాన్ ఒళ్ళు మండింది. ఊరూ పేరూ తెలియని ఆ బేరగాణ్ణి పట్టపగలు కనుమలో చంపాడని నాన్నని పట్టుకుపోయినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు. నాన్న జైల్లోనే పోయాడు. హంతకుడి కూతురన్న మాట మాత్రం పోలేదు.

"గుర్రాలైపోయాయా? ఇక మా నాన్న మీదెక్కి ఊరేగుతావా?"

"అది కాదక్కా..."

"తోకముక్క చాల్లేదేమో నీకు."

గుమ్మం దాకా వచ్చినవాళ్ళని రొట్టె తుంచి నోట్లో వేసుకోనిదే ఆ ఊళ్ళో ఎవరూ పంపరు. కెన్జెకాన్ రొట్టె తేలేదు.

సబీరా చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

మంచు కరిగేలోగా సబీరా చనిపోయింది. పుస్తకం అచ్చయింది ఆ తర్వాతే. సబీరా కోడలు తెచ్చి ఇచ్చింది.

"మొదటిది మీకే ఇమ్మన్నారు అత్తయ్య."

తప్పులు పట్టడానికి ఎర్ర పెన్సిలు తీసుకుని మరీ కూర్చుంది కెన్జెకాన్.

మధ్యలో బడి పాత రిజిస్టరు ఫోటో ఉంది. కోర్టులో ఎవరూ అడగని రిజిస్టరు. హత్య జరిగిన నాటి పేజీ.

'పొయ్యి పొగగొట్టం కూలింది. తుర్దుబాయ్ పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఇక్కడే ఉండి బాగుచేశాడు.' కింద హెడ్మాస్టరు సంతకం.

తుర్దుబాయ్ ఆమె నాన్న.

ఆమె పెన్సిలు పక్కన పెట్టేసింది. చివరి పేజీ తిప్పింది.

'ఈ ఊరికి నేను ఉద్యోగం కోసం రాలేదు. చంపిందెవరో తేల్చుకుందామని వచ్చాను. అది తేలలేదు. చంపనిదెవరో మాత్రం తేలింది. ఆ ఉన్ని బేరగాడు మా నాన్న.'