రెండొందలు దాటితే

"అక్కా, ఇటు చూడు. నెలకి నువ్వు కుట్టే చొక్కాలు ఎక్స్ అనుకుందాం," అంటూ మాస్టారు సుద్దముక్కతో బల్ల మీద గీశాడు.

ఆ కుట్టు షెడ్డులో కాలేజీ గడప తొక్కినవాడు అతనొక్కడే, అందుకే ఆ పేరు. పొద్దున్నే యజమాని రెండు కాగితాలు పెట్టి, నచ్చినదాని మీద సాయంత్రంలోగా సంతకం పెట్టమన్నాడు. మొదటిదైతే నెలకు పన్నెండు వేలు ఖాయం. రెండోదైతే నాలుగు వేలు, ఆపైన చొక్కాకు నలభై.

"నాలుగు వేలకి నలభై ఎక్స్‌లు కలిపితే పన్నెండు వేలు మించాలి. అంటే ఎక్స్ రెండొందలు దాటాలి. రోజుకెన్ని కుడతావు?"

"తొమ్మిది. చెయ్యి ఆడితే పది."

"తొమ్మిదే వేసుకో. ఇరవయ్యారు రోజులకి రెండొందల ముప్పై నాలుగు. పదమూడు వేల మూడొందల అరవై! ఇంకా ఆలోచనేంటక్కా?"

అక్కకు ప్రాణం లేచొచ్చింది. నర్సు చదువుతున్న కూతురి హాస్టల్ ఖర్చు వెయ్యి పెరిగింది. కట్టలేకపోతే పెట్టె సర్దుకోమన్నారు.

మాస్టారు భోజనం కూడా మానేసి ఎనిమిది మందికీ విడివిడిగా లెక్క వేసి చూపించాడు. ఎనిమిది మందీ రెండో కాగితం మీదే సంతకం పెట్టారు. సొంత తమ్ముడైనా ఇంత చేస్తాడా అనుకుంది అక్క.

నెల సగమయ్యేసరికి గుడ్డ అయిపోయింది. అందరూ మిషన్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"వస్తుందిలే అక్కా. లెక్క తప్పదు," అని మాస్టారు ధైర్యం చెప్పాడు.

రాలేదు. అక్క కుట్టినవి నూట ఇరవై. చేతికొచ్చింది ఎనిమిది వేల ఎనిమిది వందలు. కూతురు పెట్టె సర్దుకుంటున్నానని ఫోనులో ఏడ్చింది. అక్క యజమాని గదిలోకి వెళ్లింది.

"అయ్యా, నన్ను మొదటి కాగితంలోకి మార్చండి."

"దాన్లో ముందు సంతకం పెట్టిన ఒక్కరికే చోటమ్మా, అది నిండిపోయింది. ఆర్డర్లు సగానికి పడిపోతున్నాయి, ముందే ఆలోచించుకోండని మీ అందరికీ కబురు చేశానే!"

"మాకెవ్వరికీ తెలీదయ్యా. ఎవరితో చెప్పి పంపారు?"

యజమాని సొరుగులోంచి ఆ మొదటి కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇదుగో, ఈ సంతకం పెట్టినతనితోనే."

అక్క వంగి చూసింది.

అది మాస్టారి సంతకం.