తగ్గని నెమ్ము

"రత్తాలు! రేపల్లె రత్తాలెవరండీ?"

తెనాలి ఆసుపత్రి హాలంతా మోగేలా నర్సు కేకేసింది. శివయ్య వెంటనే లేవలేదు. రెండోసారి పిలిచాక లేచాడు. ముప్పయ్యేళ్ల కాపరంలో 'ఏమే' అనడమే గానీ పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. చేపల వేటకెళ్లే వాళ్లిళ్లల్లో అంతే.

డాక్టర్ చంద్రిక ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసి విసుక్కుంది.

"ఇది పాతదే కదా బాబాయ్? కొత్తది తీయించమన్నానా లేదా?"

"దానికి ఆయాసమమ్మా. రైలెక్కలేనంటది."

"మందులు మింగుతోందా?"

"ఒక్క పూట మానలేదు."

"జ్వరం?"

"పొద్దుగూకేసరికి ఒళ్లు కాల్తది."

"తిండి?"

"నిన్న చారన్నం నాలుగు ముద్దలు తింది. వద్దు వద్దంటానే చేపముక్క కూడా నోట్లో పెట్టుకుంది."

చెబుతుంటే శివయ్య మొహం విప్పారింది. ఇంటికాడ ఈ సంగతులు అడిగే నాథుడు లేడు. ఇరుగుపొరుగు గడప తొక్కడం మానేశారు. బాపట్ల బావమరిదికి ఫోను చేస్తే ఎత్తడు. చుట్టాలంతా మంచి బట్టలు కట్టుకుని విస్తరి ముందు కూర్చోవడానికే.

"పది వారాలైంది," అంది చంద్రిక. "మామూలు నెమ్మయితే ఈపాటికి తగ్గిపోవాలి. మూడుసార్లు మందు మార్చాను. ఇంకా తగ్గట్లేదంటే టీబీ అయినా కావాలి, లోపల గడ్డయినా ఉండాలి. కళ్లె పట్టి తెమ్మని డబ్బా ఇచ్చానుగా?"

"మర్చిపోయానమ్మా."

"మూడుసార్లా? మనిషి ప్రాణం బాబాయ్, ఆటలా నీకు? నేను ఆవిణ్ణి చూసింది మొదట్లో ఒక్కసారే. మళ్లీ చూడకుండా ఇక మందు రాయను. నువ్వొక్కడివే అయితే రావద్దు."



"ఈ ఒక్కసారికి రాయండమ్మా. వచ్చే వారం మళ్లీ వస్తా."

చంద్రిక అతని మొహంలోకి చూసింది. కోపం దిగిపోయింది.

"సర్లే. ఆవిడ రాలేకపోతే నేనే వస్తా. ఆదివారం రేపల్లెలో మా అక్కవాళ్లింటికి వస్తున్నాను. మీ ఇల్లెక్కడ?"

ఇన్నాళ్లలో అయినవాళ్లు ఒక్కళ్లయినా 'నేనొస్తా' అనలేదు. ఆ మాటన్న మనిషిని తన వాకిట్లో ఉత్తినే నిలబెట్టడానికి శివయ్యకు మనసొప్పలేదు.

చేతులు జోడించాడు.

"దాని పెద్దకర్మయి నెల దాటిందమ్మా."