చేపుకొచ్చిన పాలు

దగ్గరికి జరగండి, ఇంకాస్త. ఆ గిన్నెలు తర్వాత కడుక్కోవచ్చు. గట్టిగా చెబితే ఎదురింటి జులేయిదకి వినబడుతుంది, ఇందులో ఆవిడా ఉంది మరి.

పక్కగదిలో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఇవతల మంచం మీద జాండీరా రెండు చేతులతో గుండెల్ని అదుముకుంది. పాప గొంతు విప్పితే చాలు, ఇక్కడ పాలు చేపుకొస్తున్నాయి. చొక్కా లోపల పెట్టుకున్న చల్లటి క్యాబేజీ ఆకులు అప్పుడే వేడెక్కి వడిలిపోయాయి. రొమ్ములు రాళ్లలా ఉన్నాయి, చంకల దాకా సలుపు.

సరిగ్గా అప్పుడే జులేయిద గిన్నెతో ఊడిపడింది.

"ఒసే జాండీరా, లే! వేడివేడి కంజీకా!"

తెల్లమొక్కజొన్న, పాలు, పంచదార, దాల్చినచెక్క, పైన వేయించిన వేరుసెనగపప్పు. మా మీనాస్ రాష్ట్రంలో బాలింత ఇంటికి ఇది పట్టుకెళ్లకపోతే మర్యాద కాదు. తింటే పాలు ధారలు కడతాయంటారు.

"నిన్న మూడిళ్ల నుంచి వచ్చింది జులేయిదక్కా, మూడూ తిన్నాను. చూడు నా గతి!"

"పాలు పడ్డాయా లేదా?"

"పడ్డాయా ఏమిటి, వరద! నాకు ఇవి ఇంకిపోవాలి అక్కా. పాప తాగాల్సింది సీసాపాలు."

జులేయిద నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఓరి దేవుడో! ముందే చెప్పొద్దూ? నీకోసం వీధి వీధంతా మొక్కజొన్న నానబెట్టి కూర్చుంది!"

జాండీరా నవ్వబోయింది. నవ్వితే లాగింది. "అబ్బా" అని వంగిపోయింది.

"వేడినీళ్లు పోసుకుని మొత్తం పిండి పారెయ్, పోతుంది."

"పొద్దున అదే చేశాను. కాసేపు హాయిగా ఉంది, ఆ తర్వాత రెట్టింపు వచ్చింది. నర్సు ఫోన్లో చీవాట్లు పెట్టింది. కంజీకా మీద నింద వెయ్యకండి, ఖాళీ చేసేకొద్దీ ఒళ్లు ఇంకా తయారుచేస్తుంది అంది. ఓర్చుకోలేనప్పుడు రవ్వంత పిండుకోవాలిట. చల్లటి గుడ్డ వేసుకుని, పట్టుగా ఉండే బాడీ తొడుక్కోమంది. గుడ్డతో బిగించి కట్టద్దంది. జ్వరం తగిలినా, ఎర్రబడినా వెంటనే రమ్మంది."

"ఇంత యాతన ఎందుకే? లేచెళ్లి ఆ పసిదాని నోట్లో పెట్టు. రెండు గుక్కలు. దానికీ హాయి, నీకూ హాయి."

జాండీరా మొహం తిప్పుకుంది. "ఒక్కసారి అలవాటైతే అది నాకోసమే వెతుక్కుంటుంది అక్కా. ఇక రోజెనీర్ దగ్గరికి ఎందుకు పోతుంది? మాట ఇచ్చాను."

అసలు సంగతి మీకు దాచడం ఎందుకు? పక్కగదిలో సీసా పట్టుకుని తంటాలు పడుతున్నది ఆ రోజెనీరే. జబ్బు చేసి ఆమె గర్భసంచి తీసేశారు. ఆమెదీ, మొగుడు ఎవెరాల్దుదీ కలిసిన పిండాన్ని డాక్టర్లు జాండీరా కడుపులో పెట్టారు. జాండీరా మోసి, కని, రోజెనీర్ ఒళ్లో పెట్టింది. మా దగ్గర ఇందుకు డబ్బు పుచ్చుకోరు, మనసుంటే మొయ్యాలి. మోసినన్నాళ్లూ బాగానే ఉంది. ఇప్పుడు పాప సీసా ముట్టడం లేదు. సాయంత్రానికి తాగకపోతే ఆసుపత్రికి తెచ్చెయ్యమంది నర్సు.

తలుపు తెరుచుకుంది. ఎవెరాల్దు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"జాండీరాగారూ, మీరే రావాలి. అది మా చేతిలో తాగదు."

వెనకాలే రోజెనీర్ పాపతో వచ్చింది. "నా వల్ల కావట్లేదమ్మా! దానికి నేనెవరో తెలీదు. నువ్వే పట్టు. నేనేమీ అనుకోను."

పాప కందిపోయి ఉంది. గొంతు బొంగురుపోయింది. జాండీరా వేళ్లు వాటంతటవే చొక్కా మీదికి పోయాయి. ఒక గుండీ ఊడింది. జులేయిద ఊపిరి బిగబట్టింది.

జాండీరా ఆ గుండీ మళ్లీ పెట్టేసుకుంది.

"రోజెనీర్, ఆ కుర్చీలో కూర్చో. చొక్కా విప్పు."

"విప్పితే నా దగ్గర ఏముంది?"

"ఒళ్లుంది కదా! దాని బట్టలు కూడా తీసేసి నీ గుండెకి ఆనించుకో. ఎవెరాల్దూ, చూస్తావేం, దుప్పటి కప్పు! రోజెనీర్, సీసా అంత ఎత్తకు, అడ్డంగా పట్టుకో. నోట్లో కుక్కకు తల్లీ, పాలపీకతో పెదవి మీద రాయి. అదే నోరు తెరుస్తుంది. ఏదైనా పాడు."

"నాకు పాటలు రావు!"

"వీధిలో అరటిపళ్లవాడి కేక రాదూ? అదే దాని చెవిలో చెప్పు!"

రోజెనీర్ వెక్కుతూనే మొదలుపెట్టింది. "అరటిపళ్లో... మాగిన అరటిపళ్లో..."

పాప ఆగింది. రోజెనీర్ గుండె మీద ముక్కు రాసుకుంటూ వెతికింది. నోరు తెరిచింది. గదిలో ఎవరూ కదల్లేదు. సీసాలో ఒక బుడగ లేచింది. ఇంకోటి లేచింది.

"తాగుతోందే!" జులేయిద గుసగుసలాడింది. "గుటక విను, గుటక!"

ఆ తర్వాత బుడగలే బుడగలు! ఎవెరాల్దు రెండు చేతులూ పైకెత్తి మైదానంలో గోలు పడ్డట్టు "గో..." అని అందుకోబోతే జులేయిద అతని నోట్లో కంజీకా గరిటె దూర్చేసింది.

"నాకేసి చూస్తోంది!" అంది రోజెనీర్. "నాకేసే చూస్తోంది!"

జాండీరా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆ గుటకల చప్పుడికి మళ్లీ చేపుకొచ్చి చొక్కా అంతా తడిసిపోయింది. నొప్పికి కళ్లనీళ్లు, సంతోషానికి నవ్వు, రెండూ ఒక్కసారే.

"అక్కా, ఫ్రిజ్జులోంచి కొత్త ఆకులు తే! ఆ గిన్నె మొత్తం ఎవెరాల్దుకి పెట్టెయ్, అతనికి పాలు పడినా నష్టం లేదు!"

మెల్లమెల్లగా ఆ పాలు ఇంకిపోయాయి లెండి. పాప ఇప్పుడు వీధంతా పరుగులు. ఇది గుర్తుపెట్టుకుని మీ వాళ్లందరికీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం నాలాగే ఒక్క ముక్క చివరిదాకా అట్టే పెట్టుకోండి.

రోజెనీర్ పుట్టింది కూడా ఆ జాండీరా కడుపునే.