ఇవి బంగారమ్మ పూతరేకులు కావు

బోర్డు మీద సరిగ్గా ఆ మాటే రాసుంది. బస్సులో పోయేవాళ్ళకి కూడా కనపడేలా ఎర్రరంగుతో, "ఇవి బంగారమ్మ పూతరేకులు కావు." దాని కింద చిన్న అక్షరాల్లో, "ఈ పొద్దున్న చేసినవి."

రావులపాలెం నుంచి వాడపల్లి పోయే దారిలో తాటాకు పాక అది. శనివారం వెంకన్నబాబు దర్శనానికి వెళ్ళే కార్లు ఆ బోర్డు చూసి ఆగడం మొదలెట్టాయి. కావంటే మరేమిటో చూద్దామని దిగేవారు. దిగినవాళ్ళ కళ్ళెదురుగానే పాక నడిపే తులసి వాళ్ళమ్మ, బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ లాగి, ఉల్లిపొరలాంటి రేకు తీసి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, మడిచి చేతిలో పెట్టేది. ఇంకేముంది, తిన్నవాళ్ళు పదేసి కట్టించుకునేవారు.

అసలు బంగారమ్మ పూతరేకులంటే మాటలా? హైవే మీద మూడంతస్తుల షాపు. హైదరాబాదు దాకా బ్రాంచీలు. మూడు నెలలు నిలవుండే రంగురంగుల డబ్బాలు. ఓనరు గంగాధరరావుగారికి ఈ బోర్డు ఫొటో చూడగానే ఒళ్ళు మండింది.

శనివారం పొద్దున్నే ఆయన మేనేజరు సాయిదుర్గాప్రసాద్ కారు దిగేడు. చేతిలో స్టాంపు కాగితాలు, జేబులో కంపెనీ ముద్ర.

"ఆ పేరు మా ట్రేడ్‌మార్కండి. 'కావు' అని రాసినా వాడినట్టే లెక్క. బోర్డు దింపి సంతకం పెట్టండి. లేదంటే సోమవారం కోర్టుకెళ్ళి పాక మూయించేస్తాం."

పాకలో తులసి వాళ్ళమ్మది కాక తొమ్మిది కుండలున్నాయి. కుండకో ఆడమనిషి. హైవే షాపులో మెషీన్లు దిగాక ఇక రావద్దన్నది వీళ్ళనే. తులసి వాళ్ళమ్మే పిలిచి ఒక్కొక్కరికీ ఒక్కో పొయ్యి ఇచ్చింది. ఇప్పుడు తొమ్మిదిమందీ పని ఆపేసి ఆవిడ మొహంలోకి చూస్తున్నారు.

ఆవిడ మాత్రం పొయ్యిలోకి కొబ్బరాకు తోస్తూ అడిగింది. "ఇంతకీ బంగారమ్మగారంటే ఎవరు బాబూ?"

"డబ్బా మీదుంది కదండీ. మా ఓనరుగారి నాయనమ్మ. ఈ రుచి ఆవిడ చేతిదే. కాలం చేసి ముప్పై ఏళ్ళయింది."

"అయ్యో! పోయేరా?"

"ఆయ్."

కూతురు తులసి మొహం జేవురించింది. నోరు తెరవబోతే తల్లి కళ్ళతోనే ఆపేసింది.

"మీ గంగాధరరావుగారు సైకిలు మీద తిరిగే రోజుల్లో మా ఇంటి రేకులే పట్టుకెళ్ళి అమ్మేవారు బాబూ."

మేనేజరు నవ్వేడు. "కంపెనీ పెద్దదయ్యేక ప్రతివాళ్ళూ ఇలాగే చెబుతారమ్మా. సంతకం పెట్టండి."

"పెట్టను!" ఆవిడ లేచి నిలబడింది. "నలభై ఏళ్ళు ఈ కుండ మీద చేతులు కాల్చుకున్నాను. మీ డబ్బాలో మూడు నెలల సరుకుంది. నా దగ్గర ఈ పొద్దుటి సరుకుంది. అంత భయమైతే మీరూ పొద్దున్నే లేచి చేసుకోండి. నా పాక మూయడానికి మీరెవరు?"

కార్లు దిగినవాళ్ళు చుట్టూ మూగేరు. ఒకాయన ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. మేనేజరు గొంతు తగ్గించేడు.

"అబ్బెబ్బే, మీ కడుపు కొట్టాలని కాదండి. మా పేరు జోలికి రావద్దంటున్నాం, అంతే. శుభ్రంగా మీ సొంత పేరు పెట్టుకుని అమ్ముకోండి. ఎవరొద్దన్నారు?"

"ఆ మాట కాగితంలో రాస్తారా?"

"ఆయ్, దానికేం భాగ్యమండీ!"

"ఎన్నటికీ అడ్డు రాం అని కూడా రాయండి. రేపు మీ ఓనరుగారు కాదంటే?"

"కంపెనీ తరఫున సంతకం పెట్టే అధికారం నాకుందమ్మా. ఆయనైనా కాదనలేరు."

కారు బానెట్టు మీద కాగితాలు పరిచి, రెండు కాపీల్లోనూ తన చేత్తోనే రాసేడు. "ఈ కింద సంతకం చేసినవారు తమ సొంత పేరుతో పూతరేకులు అమ్ముకోవడానికి మా కంపెనీకి ఎన్నటికీ ఎటువంటి అభ్యంతరమూ లేదు." గట్టిగా చదివి వినిపించేడు. వీడియో తీసే ఆయన వైపు చూసి కాస్త నవ్వేడు కూడా. సంతకం గీకి, ముద్ర గుద్దేడు.

"మరి బోర్డు?" అడిగేడు మేనేజరు.

"ఆయ్, ఇప్పుడే దింపిస్తాను. ఇంక దాంతో పనేముంది?"

తులసి వాళ్ళమ్మ చేతికంటిన నెయ్యి కొంగుకి తుడుచుకుని, పెన్నందుకుని, రెండు కాపీల మీదా గుండ్రటి అక్షరాలతో తాపీగా సంతకం పెట్టింది: బంగారమ్మ.