మూడో గ్లాసు

"విస్కీలో నీళ్ళు కలిపేవు కదే," అంటూ అనిల్‌కుమార్ బెల్టుతో భార్యను బాదాడు. "పదేళ్ళ ట్రైనింగు నాది. కళ్ళకి గంతలు కట్టినా ఏటి తాగేనో సెప్పేస్తాను."

రూపాదేవి పెదవి మీద రక్తం తుడుచుకుంది. "అయితే సెప్పు, సూద్దాం. మూడు గ్లాసులు పోస్తాను. ఒక్కటి తప్పినా ఇంక నన్ను కొట్టకూడదు."

"సరిగ్గా సెప్పిన ప్రతి గ్లాసుకీ?"

"బెల్టు నీది, వీపు నాది."

అతను నవ్వుతూ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె తన చున్నీతో అతని కళ్ళు గట్టిగా కట్టింది.

మొదటి గ్లాసు గుక్కెడు తాగి, "రమ్ము," అన్నాడు.

"అవును," అంది. బెల్టు ఆమె భుజం మీద పడింది.

రెండో గ్లాసు తాగి, "ఇది బ్రాందీయే, ఒసే," అన్నాడు.

అదీ నిజమే. ఈసారి దెబ్బకి మెడ మీద చర్మం చిట్లింది.

మూడో గ్లాసు చేతికిచ్చి, "తొందరపడకు. బాగా రుచి సూడు," అంది.

అతను చాలాసేపు నాలుక మీద తిప్పుకున్నాడు. "విస్కీ. సగానికి సగం నీళ్ళు."

సరిగ్గానే చెప్పాడు. బలమంతా పెట్టి బెల్టు విసిరాడు. అది గోడకి తగిలింది.

చప్పుడు కాకుండా నడవడం ఆ ఇంట్లో ఆమె ఏనాడో నేర్చుకుంది. అప్పటికే తలుపుకి బయట గొళ్ళెం పెట్టేసి, చోడవరం మెయిన్ రోడ్డు మీద దేవరాపల్లి ఆటోకి చెయ్యెత్తింది.