బ్రాంట్నర్ మోకాలు

"బ్రాంట్నరా? వేట్సా?"

కర్టిస్‌కి పొద్దుట్నుంచీ ఇదే జపం. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కోడి రెక్క. ఎర్రటి సాసు మణికట్టు దాకా కారుతోంది. కారినంత మేరా నాకుతున్నాడు. మార్నీ చూడలేక మొహం తిప్పుకుంది. తన మొగుడే, అయినా చూడలేకపోయింది.

కొలంబస్‌లో ఆ ఆదివారం మంచు పడుతోంది. వీధిలో ఏ ఇంట్లో చూసినా ఇదే గోల. ఉత్తుత్తి అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు. నిజం ఆటగాళ్ల పేర్లు ఏరుకుని ఫోన్లో ఓ జట్టు కట్టుకుంటారు. మైదానంలో వాళ్లు బంతి పట్టి పరిగెత్తితే సోఫాలో వీళ్లకి పాయింట్లు. వాళ్లకి ఎముకలు విరుగుతాయి, వీళ్లకి పొట్టలు పెరుగుతాయి.

ఈవేళ ఫైనలు. కర్టిస్‌కీ, మార్నీ తమ్ముడు డోనీకీ మధ్య. ఓడినవాడు కుందేలు చెవులున్న గులాబీరంగు గౌను తొడుక్కుని సూపర్ మార్కెట్ అంతా కలయతిరగాలి. పోయినేడు తిరిగింది కర్టిసే. ఆ అవమానం ఇంకా మింగుడు పడలేదు.

అతని జట్టులో ఒక్క చోటే మిగిలింది. దానికి ఇద్దరున్నారు. బ్రాంట్నర్ టైట్ ఎండ్. ఎద్దులాంటి మనిషి. గుంపులోకి దూరి, దెబ్బలు కాచుకుని, బంతి పట్టుకొస్తాడు. ఫైనలు దాకా కర్టిస్‌ని మోసుకొచ్చింది అతనే. ఈమధ్య మోకాలు మెలిపడి కూర్చున్నాడు. వేట్స్ వైడ్ రిసీవర్. అంచు వెంబడి పరిగెత్తే సన్నటి కుర్రాడు. పట్టినవాటికంటే జారవిడిచినవే ఎక్కువ.

టీవీలో చెప్పనే చెప్పారు. బ్రాంట్నర్ పూర్తిగా కోలుకున్నాడు, ఈవేళ ఆడుతున్నాడు.

"ఇంకేం బావా, పండగ చేస్కో!" డోనీ బీరు సీసా పైకెత్తాడు. "ఆ వేట్స్‌గాడి చేతులకి వెన్న పూసుంటుంది. వాణ్ణి బరిలోకి దింపితే గౌను నీదే. ఇస్త్రీ కూడా చేయించి తెచ్చా."

కర్టిస్ నవ్వి, ఇంకో రెక్క తెచ్చుకోవడానికి వంటింట్లోకి వెళ్లాడు. మార్నీ వెనకే వెళ్లింది.

"ఆ అబ్బాయి నిజంగా బాగానే ఉన్నాడా?"

"టీవీలో చెప్పారుగా."

"నేనడిగింది టీవీని కాదు."

కర్టిస్ పళ్లెంలోంచి తలెత్తలేదు. "బాగానే ఉన్నాడే బాబూ. వదిలెయ్."

"బాగుంటే మరి అతన్నే ఆడించు."

అతను ఆమె వంక చూశాడు. బొటనవేలు నాక్కుని, అదే వేలితో ఫోను మీద నొక్కాడు. బ్రాంట్నర్ బెంచీ మీదకి, వేట్స్ జట్టులోకి. తెర మీద ఎర్రటి మరక మిగిలింది.

మార్నీ ఆ మరక వంకే చూసింది.

"వేట్సా!" హాల్లో తన ఫోన్లో ఆ మార్పు చూసి డోనీ పకపకా నవ్వాడు. "అక్కా, మీ ఆయనకి మతి చలించింది. డాబా ఎక్కి గంతులెయ్యకుండా చూసుకో!"

ఆట మొదలైన కాసేపటికే బ్రాంట్నర్ బంతి పట్టాడు. పక్కకి తిరిగాడు. ఇద్దరు మీద పడ్డారు. మోకాలు వెళ్లకూడని వైపుకి వెళ్లింది. టీవీవాళ్లు అది నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చూపించారు. అతను పచ్చికని పిడికిళ్లతో పీకుతున్నాడు. జనంలో ఒకావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి కాబోలు.

డోనీ కూడా సీసా కింద పెట్టేశాడు.

కర్టిస్ మాత్రం సోఫాలోంచి ఎగిరి లేచాడు. "చూశావా! చూశావా! వాణ్ణి దింపుంటే ఏమయ్యేది నా గతి!"

స్ట్రెచర్ వచ్చింది. కర్టిస్ ఎముక మీద మిగిలిన తోలు పళ్లతో లాగి చప్పరిస్తూ చూస్తున్నాడు. మార్నీ ఆ చప్పుడే వింటూ నిలబడింది.

చీకటి పడేవేళకి వేట్స్ పొడుగాటి బంతి ఒకటి పట్టి గీత దాటాడు. కర్టిస్ గెలిచాడు. సోఫా చుట్టూ చిందులేశాడు.

"నీకెలా తట్టింది బావా?" డోనీ అన్నాడు. మునుపటి వెటకారం లేదు గొంతులో.

"ఏదో అనిపించింది. మోకాళ్లని నమ్మలేం." కర్టిస్ గౌను తీసి అతని మీదకి విసిరాడు. "ముందు ఇది వేస్కో. ఫోటో తియ్యాలి."

డోనీ ఒక చెయ్యి తొడిగి ఆగిపోయాడు. టీవీలో బ్రాంట్నర్ ఫోటో వేశారు. ఆ కాలు ఇక ఆటకి పనికిరాకపోవచ్చట.

"పట్టుమని పాతికేళ్లు లేవు బావా. ఆ కాలితో అసలు బరిలోకి ఎవడు పంపాడు వాణ్ణి? అలాంటి దరిద్రుణ్ణి చెప్పు తిరగేసి కొట్టాలి."

"కొట్టాలి, కొట్టాలి," అన్నాడు కర్టిస్, ఫోను ఎక్కుపెడుతూ. "చెవులు కాస్త పైకి లాగు."

మార్నీ చేత్తో నోరు నొక్కుకుని సింకు దగ్గరికి పరిగెత్తింది.

డోనీకి తెలీదు గానీ, మొన్న శుక్రవారం ఆ మోకాలు పట్టి చూసి, "నిక్షేపంగా ఉంది, ఆడించండి" అని జట్టువాళ్లకి చెప్పిన డాక్టరు కర్టిసే.