పురుగులు వదిలిన మనిషి

వెర్నా టిబ్బెట్స్ టమాటా తోటలో తెల్లవారుతూనే దొంగ పడ్డాడు.

కాఫీ కప్పుతో పెరటి తలుపు తీసిన ఆమెకు ముందు గడ్డి టోపీ కనిపించింది. దాని కింద పొడుగాటి ముసలాయన. తీరా చూస్తే ఆయన కాయలు కోయడం లేదు. డబ్బాలోంచి పచ్చటి పురుగులను తీసి, ఒక్కొక్కటే ఆమె మొక్కల మీద పెడుతున్నాడు.

వేలెడంత పురుగులు. తోక మీద కొమ్ము. రాత్రికి రాత్రే మొక్కను మోడు చేసే రకం.

వెర్నాకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి!

ఒహాయోలోని ఆ ఊరికి ఆమె కొత్త. స్కూలు బస్సు నడిపే ఉద్యోగం చాలించి, ఆ వసంతంలోనే ఇక్కడ ఇల్లు కొనుక్కుంది. చర్చి విందులో మొదటిసారి నలుగురినీ కలిసిన రోజున, కౌంటీ జాతరలో జరిగే మందు కొట్టని టమాటాల పోటీ మాట వచ్చింది. ఆ రోజు విందుకు రాని హార్లన్ స్ట్రౌడ్ పోటీలో ఉండగా మొదటి బహుమతి నీలం రిబ్బను ఇంకొకరికి రాదని, ఏళ్ల తరబడి అది ఆయన ఇంటికి తప్ప మరో ఇంటి దారి పట్టలేదని అందరూ నవ్వారు.

వెర్నా నోరు ఊరుకుంటేగా. ఈసారి ఆ రిబ్బను తన గుమ్మానికే వేలాడుతుందని, అలా కాకపోతే ఏడాది పొడుగునా చర్చి విందుల అంట్లన్నీ తానే తోముతానని అందరి ముందూ అనేసింది.

అప్పటినుంచి ఊళ్లో ఆమె పేరు అంట్ల టిబ్బెట్స్.

తోటకు పురుగు పట్టినప్పటినుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు. మందు కొడితే పోటీకి పనికిరాదు. అందుకని రోజూ పొద్దున్నే పురుగులు ఏరి సబ్బునీళ్ల బకెట్లో వేస్తోంది. వీపు నిండా తెల్లగా బియ్యపు గింజల్లాంటివి అంటుకున్న పురుగు దొరికిందంటే, కసిగా ముందు దాన్నే ముంచేది. అవి గుడ్లని, పగిలితే తోటంతా పురుగుల మయమవుతుందని ఆమె భయం.

ఇప్పుడు ముసలాయన పెడుతున్నవన్నీ ఆ గింజల పురుగులే.

"ఏమయ్యా, నిన్ను ఆ స్ట్రౌడ్ పంపించాడా?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "అలాగే అనుకోండి," అన్నాడు నసుగుతూ.

"ఇలా దొడ్డిదారిన గెలవడానికి సిగ్గు లేదా వాడికి?"

"మరీ అంత చెడ్డవాడు కాదులెండమ్మా. కాస్త నా మాట వినండి. ఇటు పోతూ పోతూ మీ బకెట్ చూశాను. ఈ తెల్లవి ఉన్నవాటిని చంపకూడదు..."

మిగతాది వెర్నా విననే లేదు. నీళ్ల పైపు అందుకుని ఆయన మీదికి తిప్పింది. టోపీ ఎగిరి దోసపాదులో పడింది. ముసలాయన తడిసి ముద్దయి, నవ్వుకుంటూ కంచె దాటాడు. దొరికిపోయిన దొంగ నవ్వడమేమిటని ఆమెకు ఇంకా మండింది.

సాక్ష్యానికని ఒక పురుగును జాం సీసాలో వేసి, మూతకు చిల్లులు పొడిచి వంటింటి కిటికీలో పెట్టింది. జాతరలో నలుగురి ముందూ స్ట్రౌడ్‌ను నిలబెట్టి కడిగేయాలని ఆమె ఆలోచన. మిగతావాటిని ఆయన ఏ ఆకుల చాటున దాచాడో, ఎంత వెదికినా దొరకలేదు.

సీసాలోని పురుగు వేసిన ఆకును ముట్టనైనా ముట్టలేదు. రోజురోజుకీ తొక్కలా ఎండిపోయింది. ఒక పొద్దున చూస్తే ఆ తెల్ల గింజలకు చిల్లులు పడి ఉన్నాయి. సీసా నిండా చీమకన్నా చిన్న కందిరీగలు ఎగురుతున్నాయి.

వెర్నా సీసా పట్టుకుని విత్తనాల కొట్టుకు పరుగెత్తింది. కొట్టాయన విడమరిచి చెప్పాడు. అవి పురుగు గుడ్లు కావట. దాన్ని లోపలినుంచి తిని బయటికొచ్చిన కందిరీగ పిల్లలు కట్టుకున్న గూళ్లట. ఇవి ఎగిరి వెళ్లి మిగతా పురుగుల పని కూడా పడతాయట.

"మరి నేను రోజూ ముంచేస్తున్నది..."

"మీ సైన్యాన్నే," అన్నాడు కొట్టాయన.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. గడ్డి టోపీ పెట్టుకునే పొడుగాటి ముసలాయన ఎవరని అడిగింది. ఆ పోలికలతో సగం కౌంటీ ఉందని, ఆ టోపీలన్నీ తానే అమ్మానని కొట్టాయన నవ్వాడు.

ఇంటికొచ్చి సీసా మూత తోటలో తీసింది. ఆ తరువాత ఆమెకు కనిపించిన ప్రతి పురుగు వీపు మీదా తెల్ల గింజలే. మొక్కలు మళ్లీ చిగురించాయి. టమాటాలు బుగ్గలు పొంగించుకుని ఎర్రబడ్డాయి. రోజూ వాటిని చూసి పొంగిపోవడం, ఆ ముసలాయన గుర్తొచ్చి నాలుక కరుచుకోవడం ఆమెకు పనైపోయింది.

జాతరలో నీలం రిబ్బనుకు వెర్నా పేరే పిలిచారు. చర్చి ఆడవాళ్లు ఈలలు వేశారు. అంట్లు తప్పాయని వాళ్లలో లొరీన్ అనే ఆవిడ ఆమెను కావలించుకుంది. ఈసారి స్ట్రౌడ్ తోటను పురుగు సగం తినేసిందని, అయినా ఇన్నాళ్లకు పోటీకి ఒక మనిషి దొరికిందని ఆయన వేసవంతా తెగ సంబరపడ్డాడని చెవిలో చెప్పింది.

వెర్నా సగమే విన్నది. క్షమించమని అడుగుదామని ఆమె కళ్లు గుంపులో ముసలాయన కోసం వెదుకుతున్నాయి.

రెండో బహుమతికి హార్లన్ స్ట్రౌడ్‌ను పిలిచారు.

ఎర్ర రిబ్బను అందుకుని, అది జేబులో కుక్కుకుని, నేరుగా ఆమె దగ్గరికే వచ్చి నవ్వుతూ చెయ్యి చాపిన ఆ స్ట్రౌడ్‌ను, వెర్నా ఇదివరకే ఒకసారి నిలువునా తడిపి పంపింది.